మునగాల పరగణా: కళ్లములు, పాతరలు



హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై, సూర్యాపేట దాటిన పిమ్మట, మునగాల కలదు. నేడు సూర్యాపేట జిల్లాలోని యీ ప్రాంతము ఒకప్పుడు మదరాసు రాజధానియందలి కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. నలువైపుల నిజాము రాజ్యము. నడుమ ద్వీపమువలె నీ పరగణా. జమీందారుల కోట నడిగూడెమున నుండెను.

కోటను చూడబోవువారు పలువురు. ఆ కోటను నిలిపిన కట్టడములను చూచువారు అరుదు. అవి రాతితో కట్టినవి కావు. పేడతో అలికిన కళ్లము, వెదురుతడికలతో అల్లిన గాదె, ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురి, మన్ను త్రవ్విన పాతర.

జొన్నలు దాచు పాతర సంగతి నేటి పిల్లలకు తెలియదు. మెట్టనేలలో లోతుగా గోయి తీసి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, గింజలు పోసి, పైన మన్నుతో మూసెడివారు. తెఱచిన నాడు ఎవడును వెంటనే దిగరాదు. లోని చెడుగాలి ప్రాణము తీయును. మొదట దీపమును దింపెడివారు. అది ఆఱినచో మనిషి ఆగవలసినదే.

ఫలము పంచుకొను ఆచారమున్న జమీందారీ గ్రామములలో కళ్లమే తొలి కచేరి. రాశిపై ముద్ర పడిన పిదప, పంపకము కానిదే రైతు తన గింజను తాను ముట్టరాదు. కమ్మరి, వడ్రంగి, చాకలి, కరణము మొదలగువారి మేరలును అక్కడనే. ఒకటి అనుటకు మాఱుగా 'లాభము' అని కొలత మొదలగును. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి, లెక్క స్పష్టమే. కాని పొంగ పోసి కొలిచిన కుంచము వేఱు, తలగొట్టిన కుంచము వేఱు. లెక్క వ్రాయువాని కలముకంటె కొలుచువాని అఱచేయి బలమైనది. ఎవరి లాభమో ఆ చేయియే నిర్ణయించెడిది. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము, ధాన్యశిస్తును రొక్కమునకు మార్చుకొను దారి చూపెను. దారి యున్నంతమాత్రమున అందఱు నడువగలిగిరనుట పొరపాటు.

గ్రంథాలయ సభలో నీ పరగణా పేరు వేఱొక కారణమునను తలవదగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు ముఖ్యులు. వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆంధ్రదేశమున చదువరులకు ఆ మండలి పుస్తకములు చేసిన మేలు ఇంతంత కాదు. ఆ ఔదార్యమునకు మూలధనము జమీందారీ రాబడియే. అదే పరగణాలో 1930 దశకమున వెట్టికిని అక్రమ వసూళ్లకును ఎదురుగా రైతులు లేచిరి. ఈ రెంటిలో ఒకదానిని చెప్పి వేఱొకదానిని దాచిన చరిత్ర తలగొట్టిన కుంచమే.

1948 నాటి చట్టముతో మదరాసు రాజధానిలోని జమీందారీలు రద్దు గావింపబడినవి. 1967 తరువాత నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు రాగా మెట్టలు మాగాణులైనవి, జొన్న తగ్గెను, పాతరలు పూడిపోయినవి. కోత యంత్రము చేనిలోనే ధాన్యము నూర్చి యిచ్చుచుండగా కళ్లము తావులలో ఇండ్లు లేచుచున్నవి. కుంచము మాత్రము కొన్ని యిండ్ల అటకలపై నున్నది. పెండ్లినాడు దించి, పసుపు పూసి, బియ్యము పోసి, మఱల అటకపైకి చేర్చుచున్నారు.