తిండి తగ్గించుకుందాం, ఓపిక తగ్గకుండా

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. బరువు తగ్గడం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరడానికి కారణం నా పాండిత్యం కాదు, నేను చేసిన పొరపాటు. అది పది మందికీ తెలిస్తే మరొకరు చేయకుండా ఉంటారని ఆయన ఉద్దేశం. సరేనన్నాను.

రెండేళ్ల క్రితం నా బరువు 82 కిలోలు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. నాచారంలో మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికి వెళితే, ఓ పది కిలోలు తగ్గమన్నారు. ఎలా తగ్గాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పొదుపు ఉత్తర్వులు రాగానే మన ఆఫీసుల్లో ఏం చేసేవాళ్లమో తమకు తెలియనిది కాదు. కనబడిన ప్రతి పద్దు మీదా కోత పెట్టేవాళ్లం. నేనూ అదే చేశాను. పొద్దున టిఫిన్ రద్దు. రాత్రి భోజనం రద్దు, దాని బదులు ఒక జామకాయ. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, చారు. పప్పు బరువు చేస్తుందని పప్పు, కొవ్వుంటుందని పెరుగు కూడా మానేశాను.

అయిదు వారాల్లో 6 కిలోలు తగ్గాను. ఎదురుపడ్డ మిత్రులందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. అయితే ఉప్పల్ రింగ్ రోడ్డు కూడలిలో 2023లో ప్రారంభమైన స్కైవాక్ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు కడ్డీ పట్టుకుని నిలబడిపోవలసి వచ్చింది. మధ్యాహ్నం పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయేవి. చీటికిమాటికి విసుగు. వయసు మీద పడిందిలే అనుకున్నాను.

ఇక అసలు సంగతి. మా ఆవిడకు 2021లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పట్టు తప్పింది. పొద్దున్నే ఆమెను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం నా పని. ఒకనాడు అలా లేపబోతుంటే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట పట్టింది, కళ్లు బైర్లు కమ్మాయి. ఆమెతో సహా మంచం మీదికే ఒరిగిపోయాను. నేల మీద పడకపోవడం మా అదృష్టం. ఆమె కేక విని పక్కింటి అమ్మాయి పరుగున వచ్చింది. ఇంట్లో ఉన్న మీటరుతో చూస్తే షుగరు 58. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు మనిషినయ్యాను. అప్పుడు మా ఆవిడ అంది: “మీరు సన్నబడితే నాకూ సంతోషమే. మరి నన్నెవరు లేపుతారండీ?”

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత వేరొక డాక్టరుగారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. నేను చేసిన తప్పులు రెండు. టిఫిన్ మానేశాను గాని షుగరు మాత్ర యథాప్రకారం వేసుకున్నాను. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుచేత ముందు డాక్టరును అడిగి మోతాదు సరిచేయించుకోవాలి. అలాగని సొంతంగా మాత్ర మానేయడమూ తప్పే.

రెండో తప్పు పప్పు, పెరుగు మానడం. తిండి తగ్గితే శరీరం లోటును నిల్వల్లోంచి పూడ్చుకుంటుంది. ఆ నిల్వ కొవ్వయితే మంచిదే. కాని మాంసకృత్తులు చాలక, కండలకు పని కూడా లేకపోతే కండ సైతం కరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే కొవ్వు బ్యాంకు సేవింగ్సు, కండ జి.పి.ఎఫ్. ఖాతా. నేను సేవింగ్సు అలాగే ఉంచి జి.పి.ఎఫ్.లోంచి పార్ట్ ఫైనల్ తీసుకున్నానన్నమాట. మన వయసులో ఆ ఖాతాలో తిరిగి జమ చేయడం చాలా కష్టం. తూకం యంత్రానికి ఈ తేడా తెలియదు. తగ్గింది కొవ్వో, కండో, ఒంట్లోని నీరో అది చెప్పదు.

ఇక ఏం తినాలన్నది. హబ్సిగూడ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన హైదరాబాదుకు వచ్చిన సంస్థ. ఆ దారిన బస్సులో ఎన్నేళ్లు ఆఫీసుకు వెళ్లివచ్చానో, అక్కడివారు ఏం చెబుతున్నారో ఒక్కనాడూ తెలుసుకోలేదు. 2024లో ఆ సంస్థ ప్రకటించిన ఆహార మార్గదర్శకాలను మా మనవడు చదివి వినిపించాడు. బరువు వారానికి అరకిలో చొప్పున తగ్గితే క్షేమం. ఎంత తగ్గించినా రోజుకు 1000 కేలరీల కంటే తక్కువకు దిగకూడదు. 2000 కేలరీల ఆహారానికి వారిచ్చిన లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పల్లీల వంటి గింజలు 35, నూనె, కొవ్వులు 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. బరువు తగ్గదలచినవారు ఇందులో ధాన్యం, నూనె తగ్గించుకోవాలి గాని పప్పు, పెరుగు, కూరలు కాదు.

గుమాస్తాను గనుక ఇంటి లెక్క తీశాను. మా ఇద్దరికీ నెలకు 3 లీటర్ల నూనె అవుతోంది. అంటే మనిషికి రోజుకు సుమారు 45 గ్రాములు, ఉండవలసిన దానికంటే 18 గ్రాములు ఎక్కువ. గ్రాముకు 9 కేలరీలు, వెరసి 160 పైచిలుకు. పస్తుండకుండానే తగ్గించగల పద్దు అక్కడే ఉండగా నేను వెళ్లి పప్పు మీద కోత పెట్టాను!

ఇప్పుడు నా దినచర్య ఇది. పొద్దున 8 గంటలకు రెండు పెసరట్లు, లేదా రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం మునుపటిలో సగం, కూర రెండింతలు, గట్టిపప్పు, కప్పు పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలో, గుగ్గిళ్లో. రాత్రి ఏడున్నరకల్లా జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ. సకినాలు పండుగనాడు మాత్రమే. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతాను. పొద్దున అరగంట నడక, ఆపైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. మొదట్లో నాలుగుసార్లకే ఆయాసం వచ్చేది. ఇప్పుడు పన్నెండుసార్లు లేవగలను. కండ నిలబడాలంటే తిండితో పాటు ఈ పనీ ఉండాలని డాక్టరుగారి మాట.

ఈ పద్ధతి మొదలుపెట్టగానే 2 కిలోలు పెరిగి కంగారుపడ్డాను. తర్వాత ఎనిమిది నెలల్లో 78 నుంచి 73కు వచ్చాను. పది కిలోల లక్ష్యం ఇంకా పూర్తికాలేదు. తొందర లేదు.

ముగించే ముందు కొన్ని మనవులు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, గుడ్డు ఎంత తినాలో డాక్టరునే అడగాలి. బి.పి. మాత్రలు వేసుకునేవారు బరువు తగ్గేకొద్దీ బి.పి. చూపించుకుంటూ ఉండాలి, మంచం మీంచి ఒక్క ఉదుటున లేవకూడదు. సరిగా తింటున్నా నీరసం వదలకపోతే రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోవాలి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతుంటే సంతోషించకండి, వెంటనే చూపించుకోండి. షుగరు మాత్రలు వాడేవారు జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, చక్కెర పొట్లమో ఉంచుకోండి. ఏకాదశి ఉపవాసమైనా సరే, ముందు డాక్టరుతో ఒక మాట.

మొన్న పొద్దున మా ఆవిడను లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. “ఇవాళ తేలిగ్గా లేపారే! బరువు తగ్గింది మీరా, నేనా?” అంది. తూకం యంత్రం చూపే అంకె కంటే నాకు ఆ మాట ఎక్కువ.