ఇల్లు వ్రాసి యిచ్చు పెద్దలకు ఒక మనవి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు నన్ను కోరిరి. గ్రంథముల గొప్పతనమును గూర్చి చెప్పుటకు నాకంటె తగినవారు ఈ వేదికమీదనే కలరు. నేను గ్రంథమును విడిచి ఒక కాగితమును గూర్చి మాటాడదలచితిని. వృద్ధులైన తల్లిదండ్రులు తామున్న యిల్లు బిడ్డల పేర వ్రాసి యిచ్చు దస్తావేజే ఆ కాగితము. ఎన్నో గ్రంథములు చదివినవారు సైతము ఈ యొక్క కాగితమును చదువకయే వ్రాలు చేయుదురు. ఊరూర చదువు వ్యాపింపవలెనని పెద్దలు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ సంకల్పమునకు మన గ్రంథాలయము ఒక చిన్న ఫలము. కావున ఈ విషయమును ఇచ్చట చెప్పుట అనుచితము కాదని తలచుచున్నాను.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని లోకోక్తి. ఆ రెండును చేసి యలసిన వారికి తుదకు మిగులునది ఇల్లొకటే. దానిని బిడ్డల కీయవలెనను కోరిక సహజము. తాము పోయిన పిదప అన్నదమ్ములు వ్యాజ్యములలో పడరాదని కొందరు, దగ్గర నుండి సేవ చేయు కూతురునకు నీడ యుండవలెనని కొందరు, కుమారుడు బ్యాంకులో అప్పు తీసికొని పాత పెంకుటిల్లు తీసి మేడ కట్టుకొనునని కొందరు వ్రాసి యిత్తురు. ఇవి యన్నియు మంచి కారణములే. కావున ఈయవచ్చునా యని నేనడుగను. ఎట్లు ఈయవలెనో మాత్రము మనవి చేసెదను.

మొదట, తనది ఎంతవరకో తెలిసికొనవలెను. స్వార్జితమైన యింటిని యజమాని తన యిష్టము వచ్చిన వారికి ఈయవచ్చును. పిత్రార్జితమైన ఉమ్మడి యిల్లయినచో ముందు విభాగము చేసికొని, తన భాగమునకు వచ్చినదానినే దానము చేయవలెను. ఆ విభాగములో కూతుండ్రకును వాటా కలదు. అప్పటి ఆంధ్రప్రదేశములో 1986 నాటి శాసనము అవివాహితలైన కూతుండ్రకు ఆ హక్కును కలిగించినది. 2005లో వచ్చిన కేంద్ర సవరణ కూతుండ్రందరిని కుమారులతో సమానులను చేసినది. పుట్టింటి చీర పెట్టి పంపినంత మాత్రమున ఆ హక్కు తీరిపోదు.

ఇక ఈయదలచిన వారికి ముఖ్యముగా రెండు మార్గములు కలవు. ఒకటి వీలునామా. అది వ్రాసినవాని మరణానంతరమే అమలులోనికి వచ్చును. బ్రదికియున్నంత కాలము ఇల్లు అతనిదే. మనసు మారినచో దానిని రద్దు చేసి మరియొకటి వ్రాయవచ్చును. దానికి కనీసము ఇద్దరు సాక్షులు కావలెను. రిజిస్ట్రేషను విధికాదు గాని, చేయించుట మేలు. ఇల్లు పొందబోవువాడు సాక్షిగా నుండకుండుటయు మేలే.

రెండవది దానపత్రము. కుటుంబములోని వారికి వ్రాయునపుడు దానినే దఖలు దస్తావేజుగా వ్రాయుట మన రిజిస్ట్రారు కచేరీలలో వాడుక. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము స్థిరాస్తి దానమునకు దాత వ్రాలు, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషను ఉండి తీరవలెను; దాత జీవించియుండగనే గ్రహీత దానిని స్వీకరింపవలెను. ముస్లిము సోదరుల హిబాకు పద్ధతి వేరు: ఇచ్చితినని ప్రకటించుట, పుచ్చుకొనుట, స్వాధీనము చేయుట అను మూడును జరుగవలెను. వీలునామాకును దానమునకును గల భేద మిదియే: వీలునామా వ్రాసినవాడు రేపు మనసు మార్చుకొనవచ్చును, దానమిచ్చినవాడు మార్చుకొనలేడు. ఇచ్చిన పిదప కుమారుడు అన్నము పెట్టలేదని తల్లి యెంత దుఃఖించినను, ఆ దుఃఖమే దస్తావేజును రద్దు చేయజాలదు.

ఇచ్చటనే చిక్కు గలదు. ఒక యింటిలో జరుగు సంభాషణ నూహింపుడు. తల్లి, "నాయనా, నేనున్నన్నాళ్లు ఈ యింటిలోనే యుందునని అందులో వ్రాయించుదువా?" అని యడుగును. కుమారుడు నొచ్చుకొని, "అదేమిటమ్మా! నీవున్నన్నాళ్లు ఇది నీ యిల్లే గదా! కాగితములో వ్రాయవలెనా?" అనును. తల్లి సిగ్గుపడి ఊరకుండును. ఆ కుమారుడు మోసగాడు కాడు. ఆ క్షణమున అతడన్నమాట నిజమే. అయినను ఆ కాగితము ఆ క్షణమునకు వ్రాసినది కాదు, రాబోవు పది యిరువది యేండ్లకు వ్రాసినది. ఆ కాలములో కుమారునకు వ్యాపారములో నష్టము రావచ్చును. అప్పులవారు ఇల్లు జప్తు చేయవచ్చును. దైవవశమున అతడు తల్లికంటె ముందే గతింపవచ్చును. అప్పుడా యిల్లు ఎవరెవరికి చెందునో, వారి కీ వృద్ధురాలిపై ఎంత ప్రేమ యుండునో ఎవరు చెప్పగలరు? మంచితనము ఇంటితోపాటు వారసత్వముగ సంక్రమించు వస్తువు కాదు.

వృద్ధుల యీ దుస్థితిని గమనించియే మన పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. అరువది యేండ్లు నిండినవారు, తమ కనీసావసరములు చూడవలెనను షరతుతో ఆస్తిని దానముగా గాని మరియొక విధముగా గాని ఇచ్చియుండి, పుచ్చుకొన్నవాడు చూడకున్నచో, ఆ దస్తావేజు మోసముచేతనో బలవంతముచేతనో వ్రాయించినట్లు భావించి, దాత కోరినయెడల ట్రిబ్యునలు దానిని రద్దు చేయవచ్చును. మన ప్రాంతములో రెవిన్యూ డివిజనల్ అధికారి యీ ట్రిబ్యునలును నడుపును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ పోషణ భత్యము నిప్పించుటకును దానికి అధికారము కలదు.

అయితే షరతు అను మాటను మరువరాదు. అట్టి షరతుతోనే ఆస్తి యిచ్చినట్లు కనబడనిచో ఈ రక్షణ లభింపదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. 2025 జనవరిలో మధ్యప్రదేశమునకు చెందిన ఒక తల్లి వ్యాజ్యములో అదే న్యాయస్థానము, ఈ చట్టము వృద్ధుల మేలునకై పుట్టినది గనుక దానిని ఉదారముగ అన్వయింపవలెనని పలికి, కుమారునకిచ్చిన దానమును రద్దుపరచి ఇల్లు ఆమెకు తిరిగి యిప్పించినది. ఆమె చేతిలో, చివరివరకు పోషింతునని కుమారుడు వ్రాసియిచ్చిన వాగ్దానపత్రము ఉండెను. అది లేనిచో ఆమె గతి యేమగునో యోచింపుడు. మాట నీటిమూట, కాగితము మీది మాటయే ఆమెను కాపాడినది.

కావున దానమే చేయదలచినవారు రెండు వాక్యములు తప్పక వ్రాయింపవలెను. మొదటిది: "నేనును నా భార్యయు (లేక భర్తయు) జీవించియున్నంత కాలము ఈ యింటిలో నివసించి అనుభవించు హక్కు మాకు కలదు." ఇట్లు అనుభవ హక్కు నిలుపుకొని యిచ్చిన దానము చెల్లునని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. ఇది దస్తావేజులో నున్నచో, రేపు కొనువాడును, అప్పిచ్చువాడును చదివి తెలిసికొనును. రెండవది: "నా అన్నవస్త్రములు, వైద్యము, ఆదరణ చూడవలెనను షరతుపై ఈ యాస్తి నిచ్చుచున్నాను, చూడనియెడల రద్దు చేయుటకు నాకు హక్కు కలదు." ఈ రెండు వాక్యములకు పట్టు సిరా ఎంత? అవి లేకున్న కలుగు వేదన ఎంత?

మరికొన్ని జాగ్రత్తలు చెప్పెదను. బుద్ధి నిలకడగ, ఆరోగ్యము కుదురుగ నున్నప్పుడే వ్రాయవలెను. ఆసుపత్రి మంచము మీద వ్రాసినదానిని ఎవరైనను శంకింతురు. కచేరీకి పోలేని వృద్ధులు, రోగులు తగిన కారణము చూపినచో రిజిస్ట్రారు ఇంటికే వచ్చుటకు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములో వీలు కలదు. దస్తావేజు వ్రాయువానికి కుమారుడే అన్నియు చెప్పి, తల్లి నిశాని మాత్రము వేయు పద్ధతి మంచిది కాదు. ఆమె చెప్పినది వ్రాసి, వ్రాసినది ఆమెకు చదివి వినిపింపవలెను. తక్కిన బిడ్డలకును ఆ విషయము ముందుగ తెలియజేయవలెను. గ్రామకంఠములోని యిండ్లకు దస్తావేజులు లేనిచోట పంచాయతీ పన్ను రసీదులు, హద్దుల వివరములు ముందు సరిచూచుకొనవలెను.

ఇట్లు వ్రాయుట ప్రేమకు కొరత యని కొందరు బాధపడుదురు. పొరుగువానితో ఎంత స్నేహమున్నను దస్తావేజులో నాలుగు హద్దులు వ్రాయింతుము గదా! అందువలన స్నేహము చెడదు, నిలుచును. షరతు వ్రాయుటవలన మంచి కుమారునకు పోవునది యేమియు లేదు. తాను చేయదలచిన పనినే అతడు కాగితముపై చేసెదనని ఒప్పుకొనును. పైగా, తల్లిని మభ్యపెట్టి వ్రాయించుకొన్నాడని రేపు తోబుట్టువులు అనకుండ ఆ వాక్యమే అతనికి సాక్ష్యమగును. కుమారులకు నా మనవి యిది: తల్లి అడుగుటకు సిగ్గుపడును. ఆమె అడుగకముందే మీరే ఆ వాక్యము వ్రాయింపుడు. ఆమెకు అంతకంటె గౌరవము వేరొకటి లేదు.

తుదకు మన గ్రంథాలయమునకు ఒక సూచన చేసి విరమించెదను. చదువురాని వృద్ధులు, చూపు తగ్గినవారు వ్రాలు చేయబోవు ముందు తమ చిత్తుప్రతిని ఇచ్చటికి తెచ్చుకొనుదురుగాక. వారములో ఒక సాయంకాలము, నమ్మదగిన యువకులిద్దరు కూర్చుండి, దానిని మెల్లగ చదివి వినిపింతురుగాక. సలహా చెప్పుట న్యాయవాది పని. చదివి వినిపించుట మన పని. పుస్తకమునైనను దస్తావేజునైనను, చదివిన పిదపనే ఔననుటకు గాని కాదనుటకు గాని మనుష్యునకు నిజమైన స్వేచ్ఛ కలుగును. ఈ గ్రామములో ఒక్క ముసలమ్మయైనను తన యింటిలోనే తన మంచముపై నిశ్చింతగ కన్నుమూయుటకు అది తోడ్పడినచో, మన యిరువదియైదేండ్ల కృషికి అది చాలును.