ముందు తగ్గిన మనిషి



దిల్‌సుఖ్‌నగర్‌లో సరుకులు కొనుక్కుని ఎల్.బి.నగర్ బస్సెక్కుతూ ఉంటాం గాని, ఆ ఎల్.బి. అంటే లాల్ బహదూర్ శాస్త్రిగారని తలచుకునేది తక్కువ. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో శాంతి ఒడంబడిక మీద సంతకం చేసి, తెల్లవారక ముందే ఆయన కన్నుమూసిన తాష్కెంటు అప్పట్లో సోవియట్ దేశంలోనిదే. మన తగవుకు మధ్యవర్తిగా కూర్చున్న ఆ దేశానికి తన సొంత తగవు మాత్రం తీరలేదు. అమెరికాతో పంతం! నలభై ఏళ్ళపాటు ఇద్దరూ అణుబాంబులు పోగేసుకుంటూ కూర్చున్నారు.

ఆ పంతాన్ని సడలించినవారు మిఖాయిల్ గోర్బచేవ్. 1985 మార్చిలో అధికారానికి వచ్చారు. మరుసటేడు నవంబర్ 27న ఢిల్లీలో రాజీవ్ గాంధీగారితో కలిసి, అణ్వాయుధాలూ హింసా లేని ప్రపంచం కావాలని ప్రకటన చేశారు. మాటలకేం, ఎవరైనా చెబుతారు అనుకోవచ్చు. కాని 1987 డిసెంబర్ 8న రీగన్‌గారితో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. అందులో అమెరికావి 846, సోవియట్‌వి 1,846. రెట్టింపుకు పైగా వదులుకున్నది ఈయనే. తోడికోడళ్ళ తగవులో ముందు పలకరించినదాన్ని చులకన చేసినట్టే, ఆయన్నీ సొంతవాళ్ళే చేతగానివాడన్నారు. రీగన్‌గారు కూడా చెయ్యి చాచబట్టే పని సాగిందనుకోండి.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది 1989. తూర్పు యూరపులో జనం వీధుల్లోకి వచ్చారు. 1956లో హంగరీలో, 1968లో చెకోస్లొవేకియాలో ఇలాంటి సమయంలోనే మాస్కో టాంకులు పంపింది. ఈసారి నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంటే, తూర్పు జర్మనీలో ఉన్న మూడు లక్షలకు పైగా సోవియట్ సైనికులు శిబిరాలు దాటి రాలేదు. ఎన్నిళ్ళల్లో బిడ్డలు దక్కారో!

మచ్చ లేదనను. 1991 జనవరిలో విల్నియస్‌లో సోవియట్ సేనల చేతిలో 14 మంది పోయారు. ఇక ఇంటి సంగతి మరీ కష్టం. 1985లోనే తాగుడు కట్టడి చేశారు. దూబగుంట అక్కచెల్లెళ్ళ పోరాటం ఎరిగిన మనకది మంచిపనే. అయితే జనం దొంగచాటుగా సారా కాచుకోవడానికి పంచదార కోసం ఎగబడ్డారు. అంగళ్ళలో పంచదార మాయమై రేషను పెట్టాల్సి వచ్చింది. ఖజానాకు రాబడి పడిపోయింది. దుకాణాల ముందు వరుసలు పెరిగాయి. ఆ వరుసల్లో గంటలకొద్దీ నిలబడ్డ ఇల్లాలికి ప్రపంచశాంతి ఏం కనబడుతుంది? 1990లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషికి, 1996 ఎన్నికల్లో సొంతదేశంలో నూటికి ఒక్క ఓటైనా పడలేదు.

1991 డిసెంబర్ 25న ఆయన పదవి వదిలారు. ఆ దేశమే పదిహేను ముక్కలైంది. అప్పుడు ఢిల్లీలో ప్రధాని మన పి.వి. నరసింహారావుగారు. ఆపదకు ఆదుకునే నేస్తం లేకుండా పోయాడు మనకు. మాస్కోలో అచ్చయి వచ్చే తెలుగు పిల్లల బొమ్మల పుస్తకాలు కూడా ఆగిపోయాయి. అవి చదివి పెరిగిన వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం.

ఆయన భార్య రైసా 1999లో రక్తక్యాన్సరుతో పోయారు. ఆ క్షిపణుల ఒప్పందం 2019లో రద్దయిపోవడం కూడా ఆయన చూశారు. 2022 ఆగస్టు 30న, 91 ఏళ్ళ వయసులో కన్నుమూస్తే, మాస్కోలో రైసా పక్కనే సమాధి చేశారు.

సెలవు.