వేస్ట్ టోనర్: పారబోసే ముందు ఒక్క నిమిషం

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "రీఫిల్ చేసినప్పుడు పక్క నుంచి వచ్చే నల్లపొడి మళ్ళీ వాడొచ్చా అన్నా?" మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళ నుంచీ ఇదే వచ్చింది. వాడొద్దు. ఎందుకో చెప్తాను.

లేజర్ ప్రింటర్లో డ్రమ్ మీద లేజర్ కిరణం అక్షరాన్ని గీస్తుంది. ఎల్ఈడీ ప్రింటర్లో ఆ పని వరసగా పేర్చిన చిన్న చిన్న లైట్లు చేస్తాయి. తేడా అంతవరకే. గీసినచోట పొడి అంటుకుంటుంది, అక్కడి నుంచి పేపరు మీదికి వెళ్తుంది. కానీ పొడి మొత్తం వెళ్ళదు, కొంచెం డ్రమ్ మీదే మిగులుతుంది. దాన్ని రబ్బరులాంటి వైపర్ బ్లేడు గీకి వెనక గదిలోకి తోస్తుంది. అదే వేస్ట్ టోనర్.

మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా హెచ్‌పీ 1020, కెనాన్ 2900 ఉంటాయి కదా. వాటి 12ఏ, 303 కార్ట్రిడ్జ్‌లలో ఈ గది డ్రమ్ ఉన్న సగంలోనే ఉంటుంది. కంపెనీ లెక్కలో ఒక కార్ట్రిడ్జ్ సుమారు 2,000 పేజీలు. వేస్ట్ గది కూడా ఆ ఒక్క ఆయుష్షుకే సరిపోయేట్టు పెట్టారు. మనమేమో అదే కార్ట్రిడ్జ్‌ని ఐదారుసార్లు నింపుతాం. కొత్తపొడి వేసే బొక్క గుర్తుంటుంది, పాతపొడి తీయడం గుర్తుండదు.

నేనూ అదే చేశాను. కొత్తల్లో పుంగనూరులో ఒక షాపుకి హడావుడిగా రీఫిల్ చేసిచ్చి వచ్చేశా, వేస్ట్ తియ్యలేదు. మరుసటిరోజు ఒక రైతు భూమి అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపర్ల మీద ప్రింట్ చేస్తే, సరిగ్గా సర్వే నంబరు మీద ఇంత వెడల్పున నల్లచార. మూడు పేపర్లు పోయాయి. "ఏంనా, ఇట్లయిపాయనే" అన్నాడే గానీ ఆయన నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండు అనిపించింది. పేపర్ల డబ్బులు నేనే ఇచ్చుకున్నా. అప్పట్నుంచి పిన్నులు లాగి, రెండు సగాలు విడదీసి, వేస్ట్ ఖాళీ చెయ్యకుండా కొత్తపొడి బాటిల్ మూత తియ్యను.

ఇక మళ్ళీ వాడే సంగతి. చూడ్డానికి అదే నలుపు, నిజమే. కానీ అందులో పేపరు నూగు, దుమ్ము కలిసి ఉంటాయి. ఛార్జి సరిగ్గా పట్టదు. కలిపి వేస్తే పేజీ వెనకంతా బూడిదరంగు వస్తుంది, డ్రమ్ మీద గీతలు పడతాయి. పొడిలో మిగిలే డబ్బు కంటే డ్రమ్ ఖర్చే ఎక్కువ.

అన్ని మిషన్లూ ఒకటి కాదు. బ్రదర్ చిన్న బ్లాక్ అండ్ వైట్ వాటిలో వేరే వేస్ట్ డబ్బా ఉండదు, వెతక్కండి. బ్రదర్ కలర్ ఎల్ఈడీ వాటిలో ఉంటుంది. సుమారు 50,000 పేజీలకు నిండి మెసేజ్ వస్తుంది. దాన్ని దులిపి మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. బెల్టు మీద ఒలికితే నాలుగు రంగులూ పాడవుతాయి.

ఇప్పుడు అసలు మాట. టోనర్ అంటే మసి కాదు, సన్నటి ప్లాస్టిక్ పొడి. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు. నలుపు కోసం వేసే కార్బన్ బ్లాక్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో, 2బీలో పెట్టింది. ఒక్కసారి చేతికంటితే ఏమీ కాదు. కానీ మన దగ్గర పని నేర్చుకునే పిల్లోడు రోజుకి పది కార్ట్రిడ్జ్‌లు నోటితో ఊది దులుపుతున్నాడే, వాడి సంగతి చెప్తున్నా. మాస్కు కొనివ్వండి. బ్లోయర్ కొట్టొద్దు, మెత్తటి బ్రష్‌తో కవర్లోకి దింపండి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ అసలొద్దు. నేను పెట్టి చూశా, ముందునుంచి లాగింది వెనకనుంచి గదంతా చల్లింది! సున్నం వేసిన గోడ మళ్ళీ తెల్లబడలేదు. చొక్కా మీద పడితే దులిపి చన్నీళ్ళతోనే కడగండి, వేణ్ణీళ్ళకి అతుక్కుంటుంది.

చెత్తతో కలిపి కాల్చొద్దు. గాల్లో లేచిన పొడికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కాలవలో పోస్తే ప్లాస్టిక్ కరగదు, చెరువు దాకా పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల్లో ప్రింటర్లతోపాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. నేనైతే మందపాటి కవర్లో వేసి మూతికట్టి, మూత ఉన్న పెయింటు బకెట్లో దాస్తా. స్పేర్ల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయేటప్పుడు పాత కార్ట్రిడ్జ్‌లతోపాటు పట్టుకెళ్ళి, రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్‌కి ఇస్తా. కుప్పం వాళ్ళకైతే రైలుంది, ఇంకా సులువు. మూడు నాలుగు షాపులు కలిసి ఒక బకెట్ పెట్టుకుంటే మనిషి ఒకసారి పోయినా చాలు.

పిన్నులు విరక్కుండా 12ఏ విప్పడం ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా. ఉంటానండి.