నడిచే ఇంజను, నిలబెట్టిన ఇంజను

(ఏలూరులో ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు వైపు నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన కోయ, కొండరెడ్డి బంధువులకు, కొల్లేరు లంకల నుంచి, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నుంచి వచ్చిన యానాది, ఎరుకల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నా నమస్సులు.

మన సంఘం తరఫున కిందటి చలికాలంలో అరకు రైలు యాత్రకు వెళ్ళివచ్చాం గదా, దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. యాత్రలో ఏం తిన్నాం, ఎక్కడ పడుకున్నాం అన్నది వచ్చినవాళ్ళందరికీ తెలుసు. రానివాళ్ళకి వచ్చినవాళ్ళు ఈపాటికి చెప్పేసే ఉంటారు. అందుకని ఆ రైలు ఎక్కి దిగాక మనం ఆలోచించుకోవలసిన సంగతి ఒకటుంది, అది చెప్తాను. దానికి ముందు ఇంకో రెండు కొండ రైళ్ళ గురించి చెప్పాలి.

మొదటిది తమిళనాడులోని నీలగిరి రైలు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. కొన్నిచోట్ల పన్నెండడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకెక్కేంత నిటారు. మామూలు చక్రం జారిపోతుంది కాబట్టి రెండు పట్టాల మధ్య పళ్ళున్న ఇంకో పట్టా వేశారు. ఇంజను కిందనున్న పళ్ళచక్రం దాన్ని పట్టుకుని మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. మేట్టుపాళయం, కూనూరు మధ్య ఈనాటికీ ఆవిరి ఇంజన్లతో నడుపుతున్నారు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. పాత ఇంజన్లు అరిగిపోతుంటే వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. తిరుచిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో అదే పద్ధతిలో కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేసుకున్నారు. అంటే ఆ పని తెలిసిన చేతులున్నాయి, ఆ చేతులు ఇంకొకరికి నేర్పాయి. వారసత్వం బతికి ఉందనడానికి గుర్తు అదే. మనవైపు చాలా ఊళ్ళలో స్టేషను ముందు, రైల్వే ఆఫీసు ముందు పాత ఇంజనుకి రంగేసి దిమ్మె మీద నిలబెడతారు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు. అదీ వారసత్వమే అంటారు గానీ దానికి నిప్పు రాజేసేవాడు లేడు, అది ఎక్కడికీ కదలదు.

ఈ రెండు ఇంజన్లనీ గుర్తుంచుకోండి. ఒకటి నడిచేది, ఒకటి నిలబెట్టింది.

రెండో రైలు మన తెలుగువాళ్ళకి దగ్గరిది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. టెక్కలి, పాతపట్నం మీదుగా ఆవిరి ఇంజనుతో నడిచేది. 1931 నాటికి దాన్ని గుణుపురం దాకా, మొత్తం 90 కిలోమీటర్లు పొడిగించారు. ఒకపక్క వంశధార, చుట్టూ సవరల కొండలు. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు వెంకట రామమూర్తి గారు మేష్టరుగా పనిచేశారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా మనందరికీ ఆయన తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. కానీ ఆయన అంతకంటే ముందే సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో వచ్చింది. 1938లో సవర నిఘంటువు అచ్చయింది.

రైలు సంగతేమయింది? ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు వచ్చింది. 2004లో చిన్న పట్టాలే పీకేశారు, తర్వాత వెడల్పు పట్టాలు వేశారు. ఇప్పుడు అక్కడ మామూలు రైలు నడుస్తోంది. సవర భాష మాత్రం సీతంపేట కొండల్లో ఇవాళ కూడా పిల్లల నోట వినిపిస్తుంది. రాజావారి ఇంజనుకి లేని ఆయుష్షు సవర తల్లుల మాటకి ఉంది. ఎందుకంటే వాళ్ళు దాన్ని రోజూ ఇంట్లో నడుపుతున్నారు.

ఇక మన యాత్ర. ఏలూరులో కొందరం, తాడేపల్లిగూడెంలో కొందరం రాత్రి రైలెక్కాం. విశాఖపట్నం ఇక్కడికి సుమారు 290 కిలోమీటర్లు. పొద్దున ఏడుకి కాస్త ముందు కిరండూల్ వెళ్ళే బండి బయల్దేరింది. దీనికి కరెంటు ఇంజనే, పొగ లేదు. 2017 నుంచి ఈ బండికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు, కప్పు నుంచి కూడా కొండ కనిపిస్తుంది. మనం మామూలు పెట్టెలోనే వెళ్ళాం. దానివల్ల మేలే జరిగింది. ఆ పెట్టెలో ఆ కొండలవాళ్ళు, సంతకి వెళ్ళేవాళ్ళు మన పక్కన కూర్చున్నారు.

శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. చీకటి పడగానే పెట్టె పెట్టెంతా పిల్లల కేకలు. శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. కాశ్మీరులో రైలు పడకముందు దేశంలో అంత ఎత్తున బ్రాడ్‌గేజ్ స్టేషను ఇంకోటి లేదు.

మిగతా ప్రయాణికులు లోయలు, జలపాతాలు చూస్తున్నారు. మనవాళ్ళు ఏం చూశారో తెలుసా? మనతో వచ్చిన ఒక పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయింది. అదిగో జీలుగు, అదిగో అడ్డతీగ, అది తునికి, అది ఇప్ప. కరకవలస బోర్డు కనబడగానే "కరక్కాయల ఊరై ఉంటదిరా" అంది. శిమిలిగుడ అనగానే "గుడ అంటే మన గూడెమే గదా" అంది. ఎదురుగా కూర్చున్న కొండదొరల కుర్రాడు నవ్వి, ఆ చెట్లకి వాళ్ళ వైపు ఏమంటారో చెప్పాడు. గంటసేపు ఇద్దరూ చెట్ల గురించే మాట్లాడుకున్నారు. టిక్కెట్టు డబ్బులు నా మట్టుకు అక్కడే గిట్టాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత కష్టపడి, ఇన్ని సొరంగాలు తవ్వి ఈ రైలు ఎందుకు వేశారు? మన పర్యాటకం కోసం కాదు. అక్కడి గూడేలవాళ్ళు విశాఖ ఆసుపత్రికి పోవడం కోసం కూడా కాదు. బస్తర్‌లో బైలదిల్లా కొండల్లో ఇనుప రాయి ఉంది. 1960లో జపాను ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖ రేవుకి చేర్చడానికి ఈ లైను పుట్టింది. ఇవాళ కూడా ఒక్క ప్రయాణికుల బండికి దారి ఇవ్వడానికి ముందు ఎన్ని గూడ్సు బండ్లు ఎర్రటి దుమ్ముతో దిగిపోతాయో మనం చూశాం. రైలు వల్ల ఆ ఊళ్ళకి మేలు జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. బడికి, సంతకి, ఉద్యోగానికి దారి పడింది. కానీ కొండకి దారి వేసినప్పుడు కొండ లోపల ఏముందో లెక్కేశారు, కొండ మీద ఎవరున్నారో తర్వాత చూశారు. ఇది మరిచిపోకూడదు.

బొర్రా దగ్గర ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అరకు నుంచి తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకుని గుహలు చూశాం. పర్యాటక పుస్తకాల్లో విలియం కింగ్ జార్జ్ అనే ఇంగ్లీషువాడు 1807లో వాటిని కనుగొన్నాడని రాస్తారు. అక్కడి గిరిజనులు చెప్పుకునే కథ వేరు. మేస్తున్న ఆవు పైన ఉన్న కన్నంలోంచి లోపల పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి గుహ కనిపించిందట. గోస్తని నది పేరు కూడా ఆ ఆవు వల్లే వచ్చిందంటారు. ఆవుని వెతుక్కుంటూ దిగినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇదే బొర్రా చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో, ప్రైవేటు గనులకి లీజులు ఇచ్చారు. అక్కడి గిరిజనులు, వాళ్ళ పక్షాన నిలిచిన సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్ళారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని 1959 నాటి రెగ్యులేషను, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి ఒకటో రెగ్యులేషను, అంటే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం చెబుతోంది. ప్రభుత్వం కూడా ఆ చట్టానికి లోబడిందేననీ, ప్రైవేటు కంపెనీకి అక్కడి భూమి లీజుకివ్వడం చెల్లదనీ కోర్టు అంది. తవ్వడమే జరిగితే ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ చెయ్యాలంది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళకి, బడులకి, వైద్యానికి, రోడ్లకి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దేశమంతా ఆదివాసీలు ఇవాళ్టికీ ఎత్తిచూపే తీర్పు అది. గుహ చూడ్డానికి టిక్కెట్టు కొన్న వందల మందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. అదే వన్ ఆఫ్ సెవెంటీ మన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం షెడ్యూల్డు గ్రామాలకీ వర్తిస్తుంది. అందుకే ఇంతసేపు చెప్పాను.

అరకులో గిరిజన మ్యూజియం చూశాం. బొమ్మలు బాగున్నాయి. వేటకెళ్ళే మనిషి, దంచే ఆడమనిషి, సంత. మన కుర్రాళ్ళు ముచ్చటపడ్డారు. తర్వాత థింసా చూశాం. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము, డప్పు, మోరి మోతకి పాములా సాగే ఆ వరస చూస్తే ఎవరికైనా కాళ్ళు ఆగవు. మన ఆడపిల్లలూ కలిశారు. ఆట అయ్యాక ఒక సందర్శకుడు ఆడిన ఆవిడ భుజం పట్టుకుని పక్కకి తిప్పి ఫోటో తీసుకున్నాడు, పేరు కూడా అడగలేదు. ఆవిడ ఏమీ అనలేదు. అలవాటైపోయిందనుకుంటాను. మన పిల్లలు దారంతా దాని గురించే మాట్లాడుకున్నారు.

అదే అరకులో కాఫీ తోటలూ ఉన్నాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. పండించేది చిన్నచిన్న కమతాల గిరిజన రైతులు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వేరే ఊరి కాఫీకి పెట్టుకోవడం ఇక చెల్లదు. ఇక్కడ గిరిజనుడు బొమ్మ కాదు, సరుకున్న రైతు. ఒకే ఊళ్ళో నిలబెట్టిన ఇంజనూ ఉంది, నడిచే ఇంజనూ ఉంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. పాపికొండలకి బోట్లు వస్తున్నాయి. గుబ్బల మంగమ్మ తల్లి దగ్గరికి అడవిలో వేలమంది వస్తున్నారు. కొల్లేట్లో ఆటపాకకి కొంగల్ని, గూడబాతుల్ని చూడ్డానికి కార్లు వస్తున్నాయి. పర్యాటకం రావద్దనడం మన చేతిలో లేదు, అననక్కర్లేదు కూడా. వచ్చినప్పుడు మనం ఏ ఇంజనుగా ఉంటామన్నదే మనం తేల్చుకోవాలి. అందుకని సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి గూడెంలో చదువుకున్న పిల్లలు ఇద్దరు చొప్పున వన్ ఆఫ్ సెవెంటీ, 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చదివి, గ్రామసభలో మామూలు మాటల్లో చెప్పాలి. రెండు, దారి చూపించే పని, వండిపెట్టే పని, సరుకమ్మే పని మన పిల్లలే చెయ్యాలి. బొంగులో కోడి మన వంట, హోటలు లాభం మాత్రం ఇంకొకరిది కాకూడదు. మూడు, కొమ్ము నృత్యం వేదిక ఎక్కడానికి ముందు మన పండగలో మన వాకిట్లో ఆడాలి. పండగలో ఆగిపోయి వేదిక మీద మాత్రమే మిగిలిన ఆట రంగేసిన ఇంజనే. నాలుగోది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే అర్జెంటు. మన వైపు చాలా గూడేల్లో పిల్లలకి కోయ మాటలు రావడం లేదు. రైల్లో ఆ పెద్దమ్మ చెప్పిన పేర్లలాంటివి, చెట్ల పేర్లు, వాగుల పేర్లు, చుట్టరికాల పిలుపులు, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోటి నుంచి ఫోన్లో రికార్డు చెయ్యండి. ఒక్కొక్కరు వంద మాటలు తెస్తే చాలు. గిడుగు వారు సవర కాకపోయినా సవర కోసం అంత పని చేశారు. మన భాష కోసం మనం ఈ మాత్రం చెయ్యలేమా?

వచ్చే ఏడాది యాత్రకి సీతంపేట వెళదామని కార్యదర్శి గారికి చెప్పాను. సవరలు పిల్లలకి మాట ఎలా నిలబెట్టుకున్నారో చూసి నేర్చుకుందాం.