ఆస్ట్రేలియాలో అకౌంటెంట్ ఉద్యోగం

చిన్నపిల్లలతో ఆస్ట్రేలియాకు వలస వెళ్లాలనుకునే అకౌంటెంట్ల కోసం ఈ నాలుగు మాటలు.

నైపుణ్య వీసాకు ముందు మీ చదువును సీపీఏ ఆస్ట్రేలియా వంటి సంస్థ మదింపు చేయాలి. ఆ పత్రం చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. డెబిట్, క్రెడిట్ ఎక్కడైనా ఒకటే గానీ, అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. జీఎస్టీకి ఒకటే రేటు, 10 శాతం. తాజా కూరగాయల వంటివాటికి అదీ లేదు. చిన్న వ్యాపారాలు ఎక్కువగా మూడు నెలలకోసారి 'బాస్' అనే రిటర్ను వేస్తాయి. జీతం కాక మరో 12 శాతం 'సూపర్' అనే పదవీ విరమణ నిధికి యజమానే కట్టాలి. టాలీకి అలవాటుపడినవాళ్లు జెరో, మయోబ్ సాఫ్ట్‌వేర్లు బయలుదేరకముందే నేర్చుకోవడం మంచిది.

రెజ్యూమెలో ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ తీసేయండి. మొదట బిల్లుల చెల్లింపు విభాగంలో చిన్న ఉద్యోగం దొరికినా దయచేసి కాదనకండి. తర్వాతి కంపెనీ ఫోన్ చేస్తే మీ పని గురించి చెప్పే పైఅధికారి అక్కడే దొరుకుతారు.

ఇక పిల్లల సంగతి. డే కేర్ ఖర్చు చాలా బరువు. ప్రభుత్వ రాయితీ మీ వీసాను బట్టి ఉంటుంది కాబట్టి టికెట్లు కొనకముందే అది తేల్చుకోండి. కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా మాత్రం పసిబిడ్డతో విమానం ఎక్కకండి.