జాతీయాలు – వాటి అంతరార్థాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాటలన్నీ తెలిసినా వాక్యం బోధపడని సందర్భాలు ఇంగ్లీషు చదివే విద్యార్థికి ఎదురవుతాయి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అన్నచోట పిల్లులూ కుక్కలూ కురియవు; కుండపోతగా వాన పడుతున్నదని భావం. పదాల అర్థాలను కూడినా లభించని అర్థం కలదే జాతీయం.

దాని వెనుక ఒక జాతి అనుభవం ఉంటుంది. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ చట్టాన్ని ధిక్కరించి, సైన్యంతో రూబికాన్ నదిని దాటాడు. వెనుకకు మరలరాని నిర్ణయానికి ‘క్రాసింగ్ ది రూబికాన్’ పేరైంది. 1815 జూన్ 18న నెపోలియన్ ఓడిన వాటర్లూ, తుది పరాజయానికి మారుపేరైంది. సయాం రాజులు గిట్టనివారికి తెల్ల ఏనుగును బహూకరించేవారని కథ. మేపనూ లేక, వదలనూ లేక ఆ మనిషి చితికిపోయేవాడట. ఇట్టి భారమే ‘వైట్ ఎలిఫెంట్’. తెలుగులో దీనికి దగ్గరి మాట గుదిబండ. అది దుడుకు పశువు మెడకు కట్టే దుంగ.

గుర్రం పోయాక సాలకు తాళం వేశారని ఇంగ్లీషువారంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నారని తెలుగువారంటారు. మాట వేరు, అనుభవం ఒకటే. ఇంట సామెత విన్న బిడ్డ ఇంగ్లీషు జాతీయాన్ని ఇట్టే గ్రహిస్తాడు. విననివాడు బట్టీ పట్టవలసిందే.

తెలుగు సామెతల విలువ గుర్తించి కెప్టెన్ కార్ 1868లోనే వాటిని సంకలనం చేసి ప్రకటించారు. తెలుగునాటికి వెలుపల పెరిగే పిల్లలకు వీధిలో వినిపించేది వేరొక భాష. బడి పాఠం చెప్పగలదు. సామెతను చెవిన వేయవలసింది మాత్రం ఇల్లే. తల్లిదండ్రులు దినమునకొక సామెతనైనా పలుకుదురుగాక!